ఏ షిఫ్టు రాసినా చెరపకూడదు

భిలాయి, సెక్టర్ 4
11 నవంబర్ 2024

కుసుమా,

మేం బాగున్నాం. మీరూ అలాగే ఉన్నారనుకుంటాను. నువ్వు పంపిన పుస్తకాల పెట్టె చరోదా రైల్వే యార్డులో పనిచేసే శరత్ తెచ్చి ఇచ్చాడు. కట్టిన తాడు కట్టినట్టే ఉంది. మంచి కుర్రాడు.

ఒక సంగతి రాయాలి. నీ మనసుకి కష్టంగా ఉండవచ్చు. పుస్తకాల్లో సగానికి అచ్చు పడలేదు. బొమ్మలు పడ్డాయి, అక్షరాలు పడలేదు. అట్ట మీద పేరుంది, లోపల మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క మాట లేదు. ఒక పుస్తకమైతే పొరపాటు అనుకుందును. ఇన్నింటిలో లేదంటే, నల్లసిరా అయిపోయినా మెషీన్ ఆపకుండా తిప్పారన్నమాట. మా స్టీలు ప్లాంటులో అలాంటి సరుకు గేటు దాటదు. మీ అత్త చూసి, "అమ్మాయి సూసుకోకుండా కొనీసింది, కొట్టువోడు అంటగట్టీసాడు" అంది. అందుచేత వాటిని వేరే కట్టగా కట్టి శరత్ చేతే తిరిగి పంపుతున్నాను. కొట్టువాడితో గట్టిగా మాట్లాడు.

క్లాసు గురించి అడిగావు. ఇక్కడి మన తెలుగు సంఘం హాల్లో ఆదివారం పొద్దున నడుస్తుంది. ఇదివరకు చెప్పే టీచరమ్మ, భర్తకి బదిలీ అయి, రూర్కెలా వెళ్లిపోయారు. ఎవరూ ముందుకు రాలేదు, నేను వచ్చాను. సెక్టర్ క్వార్టర్ల పిల్లలున్నారు, క్యాంప్ 2 బస్తీ నుంచి వచ్చేవాళ్లున్నారు. తెలుగులో అడిగింది అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది. పుస్తకం తెరవండి అంటే "ఖోల్ దియా తాతాజీ" అంటారు. అక్షరాలు గుర్తుపడతారు, గీస్తారు. రాయమంటే మాత్రం బోర్డు మీదున్నదే దించుతారు. సొంతంగా ఒక్క వాక్యం రాదు.

సంఘం ప్రెసిడెంటు పార్థసారథి గారు గడువు పెట్టారు. ఆయన ఇనుము కరిగించే ఫర్నేసులో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు, మాట తిరగదు. ఉగాది ముందు ఆదివారం ఆయనే వచ్చి పరీక్ష పెడతారు. ప్రతి పిల్లా ఏదీ చూడకుండా తన చేత్తో ఒక పేజీ తెలుగు రాయాలి. రాయలేకపోతే ఆ గంట ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేవాళ్లకి ఇచ్చేస్తారు. వాళ్లు ఇప్పటికే అడుగుతున్నారు.

నేను క్రేన్ నడిపినవాణ్ణి, మాస్టర్ని కాను. నాకు అక్షరాలు ఎవరూ చెప్పలేదు, సైన్‌బోర్డులు చూసి కూడబలుక్కున్నాను. అందుచేత ఈ గంట పోకూడదని ఉంది.

మీ అత్త ఆశీస్సులు చెప్పమంది.

మావయ్య,
గోవిందరావు


విజయనగరం
22 నవంబర్ 2024

మావయ్యకి, కుసుమ రాయునది కాదు, నవ్వుతూ రాస్తున్నది.

సిరా అయిపోలేదు, మావయ్యా. కొట్టువాడు నిర్దోషి. అవి మాటల్లేని బొమ్మల పుస్తకాలు. కావాలనే అలా వేస్తారు. బొమ్మ చూసి ఏం జరుగుతోందో పిల్లలే చెప్పాలి, తర్వాత పిల్లలే రాయాలి. మా బడిలో వాటితోనే నడుపుతున్నాను. నీ ఉత్తరం స్టాఫ్‌రూంలో చదివి వినిపించాను, అది నా తప్పే. మా హెడ్‌మాస్టారు మాత్రం నవ్వలేదు. ఆయన కూడా మొదటిసారి చూసి వెనక్కి పంపమన్నారట.

పాపం ఆ శరత్ అదే కట్టని మళ్లీ మోసుకొస్తాడు. ఈసారి దాంతోపాటు నా పాత టాబ్లెట్ పంపుతున్నాను. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే తెలుగులో తనే రాస్తుంది. ముందు బొమ్మ చూపించు. ఏమైందని అడుగు. పిల్ల చెబుతుంది, అది రాస్తుంది. తన నోటి మాట తన కళ్లముందు అక్షరాలై నిలబడితే పిల్లలకి ఎంత బావుంటుందో నువ్వే చూడు. తర్వాత దాన్ని చేత్తో రాసుకుని, ఇంకో రెండు మాటలు కలపమను. సంఘం హాల్లో ప్రొజెక్టర్ ఉందని అత్త చెప్పింది, దానికి తగిలిస్తే గోడ మీద పడుతుంది, అందరికీ కనిపిస్తుంది.

జాగ్రత్తలు ఏమీ లేవు. ఛార్జింగ్ పెట్టుకో. అది మాట వినిపిస్తున్నంతసేపూ రాస్తుంది, కాసేపు ఎవరూ మాట్లాడకపోతే తనే ఆగిపోతుంది.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరాలేమిటని మా ఆయన అడిగారు. ఫోన్లో నువ్వు "ఊఁ" అని అత్తకిచ్చేస్తావు, కాగితం మీదైతే ఇన్ని మాటలు వస్తాయి అని చెప్పాను.

అత్త కార్తీక వనభోజనాల గురించి ఏదో చెప్పబోయి, పక్కన ఎవరో వచ్చారని ఫోన్ పెట్టేసింది. ఆ కథ మిగిలిపోయిందని గుర్తు చెయ్యి.

నీ మేనకోడలు,
కుసుమ


భిలాయి
16 డిసెంబర్ 2024

కుసుమా,

పుస్తకాలు తిరిగి వచ్చాయి. టాబ్లెట్ వచ్చింది. శరత్‌కి టీ ఇచ్చాను. అతను కట్టని చూసి ఏదో అడగబోయి ఊరుకున్నాడు.

టాబ్లెట్ ఒకటి, పిల్లలు ఎక్కువ. అందరూ ఒక్కసారి మీద పడ్డారు. అందుచేత షిఫ్టులు చేశాను. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, జనరల్ షిఫ్టు. ఒకరు బయట ఆడుకుంటుంటే ఒకరు లోపల. మా ప్లాంటులో పద్ధతి నీకు తెలియదు కదా, రాస్తాను. ఒక షిఫ్టు దిగేటప్పుడు మెషీన్ ఎలా ఉందో బుక్కులో రాసి తర్వాతి షిఫ్టుకి అప్పగించాలి. వచ్చినవాళ్లు అది చదివి, ఉన్నదాన్ని ఉన్నట్టు తీసుకుని, అక్కణ్ణించి పని సాగించాలి. పోయిన షిఫ్టు ఏం రాసినా సరే, చెరపకూడదు. మా దగ్గర బుక్కులో కొట్టేస్తే ఉద్యోగం పోయినంత పని. ఈ ఒక్క నియమం పిల్లలకి గట్టిగా చెప్పాను. బాగా పట్టుకున్నారు.

నువ్వన్నట్టే బొమ్మల పుస్తకం చూపించాను. ఏనుగు గొడుగు వేసుకుని బస్సు కోసం నిలబడే పుస్తకం. రాశారు. దించి పంపుతున్నాను.

ఏ షిఫ్టు: "ఏనుగు వచ్చింది. బస్సు వచ్చింది. ఏనుగు పట్టలేదు. బస్సు వెళ్లింది. ఇబ్బంది ఏమీ లేదు. తర్వాతి షిఫ్టుకి అప్పగించాం."

బీ షిఫ్టు: "ఏనుగుని తీసుకున్నాం. ఏనుగు అక్కడే ఉంది. గొడుగు అక్కడే ఉంది. కండిషన్ నార్మల్."

జనరల్ షిఫ్టు: "వాన వచ్చింది. గొడుగు పనిచేసింది. కండిషన్ నార్మల్."

నాకు బాగుందనిపించింది. పిల్లలు మొదటిసారి బోర్డు చూడకుండా రాశారు. పార్థసారథి గారు మధ్యలో వచ్చి చూశారు. ఆయన మనవడు ప్రణవ్ ఏ షిఫ్టులో ఉన్నాడు. చదివి, "గోవిందరావ్, ఇది తెలుగు క్లాసా, లాగ్‌బుక్కా?" అన్నారు. ఆయన మొహం చూసి మంచో చెడో చెప్పలేం. ఎప్పుడూ ఒకలాగే ఉంటుంది.

నీ అభిప్రాయం రాయి. మీ అత్తకి వనభోజనాల సంగతి గుర్తు చేశాను. ఫోన్లో చెప్పేది కాదంది, ఎదురింటి భాగ్యరేఖకి చెప్పడానికి వెళ్లింది.

గోవిందరావు మావయ్య


విజయనగరం
27 డిసెంబర్ 2024

మావయ్యకి,

నీ ఏనుగు దగ్గరే ఆగిపోయాను. ఇదే పుస్తకం మా బడిలో చూపిస్తే ఒక పిల్ల ఏడ్చింది, ఏనుగు ఇంటికెలా వెళుతుందని. ఇంకొకడు బస్సు పైకప్పు తీసేయించాడు. మీ దగ్గర కండిషన్ నార్మల్.

కోపం తెచ్చుకోకు. పిల్లలు రాస్తున్నారు, అది పెద్ద విషయమే. షిఫ్టుల ఆలోచన నాకు చాలా నచ్చింది, మా బడిలో కూడా పెట్టేశాను. కానీ ఇలా రాస్తే రెండు వరుసలకి మించి సాగదు, పేజీ నిండదు. నువ్వు పనిచేసినన్నాళ్లూ ఏదీ చెడిపోకూడదని చూసుకున్నావు. కథ అలా కాదు, మావయ్యా. ఏదో ఒకటి చెడిపోతేనే కథ మొదలవుతుంది. పోనీ, పిల్లలకి తెలిసిన మనుషుల మధ్య ఏదైనా జరగనీ. ఇంట్లో వినే మాటలు పుస్తకంలోకి రానీ. మన మాటలే, అత్త మాట్లాడే మాటలే. ఏనుగు కంటే అత్త నయం కదా.

గడువు దగ్గరపడుతోంది. ఒక్కటైనా చెడగొట్టు.

కుసుమ


భిలాయి
20 జనవరి 2025

కుసుమా,

చెడింది.

శనివారం టాబ్లెట్ వంటింటి అరమీద ఛార్జింగ్ పెట్టాను. పనిచేస్తోందో లేదో చూద్దామని మైకు బొమ్మ నొక్కాను. ఎవరో తలుపు కొడితే వెళ్లాను. వచ్చింది భాగ్యరేఖ. లోపలికి పంపి నేను మొక్కలకి నీళ్లు పోయడానికి వెళ్లాను.

ఎవరూ మాట్లాడకపోతే తనే ఆగిపోతుందని రాశావు. మీ అత్త ఆగలేదు.

ఆదివారం చూసుకోకుండా ప్రొజెక్టర్‌కి తగిలించాను. గోడ మీద పడింది. పిల్లలు మాట్లాడితే సగం తప్పులు రాసే యంత్రం మీ అత్త మాట ఒక్కటి వదల్లేదు. రజనీకుమారి గారి పులిహోర గురించి, పార్థసారథి గారి మొహం గురించి. రజనీకుమారి గారంటే ప్రెసిడెంటు గారి భార్య, ప్రణవ్ నాన్నమ్మ. మిగతాది రాయను. అందరూ చదివారు.

మీ అత్త మాట్లాడటం లేదు.

గోవిందరావు


విజయనగరం
29 జనవరి 2025

మావయ్యా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. అంత పెద్ద సంగతి పోస్టుకార్డు మీద రాసినంత రాస్తావా? అందరూ చదివారంటే సంఘం అంతా చదివిందనే కదా. అత్త మాట్లాడటం లేదంటే ఎంత అవమానపడిందో. ఫోన్ చేస్తే ఎత్తింది, ఎత్తి ఊపిరి మాత్రం వదిలింది. నా టాబ్లెట్ వల్లే ఇదంతా. ప్రెసిడెంటు గారికి కోపం వస్తే పరీక్ష దాకా కూడా ఆగరు, క్లాసు ఇప్పుడే తీసేస్తారు.

నీ సంగతి నాకు తెలుసు, నువ్వు వెళ్లి ఒక్క మాట అనవు. వాళ్ల గుమ్మంలో నిలబడి "ఊఁ" అని వచ్చేస్తావు. అందుకని నేనే ఒక పని చేశాను. సంఘం సావనీరు నా దగ్గరుంది, అందులో చిరునామా ఉంది. రజనీకుమారి గారికి క్షమాపణ ఉత్తరం రాశాను. మా అత్త మీ పులిహోర గురించి, సారు మొహం గురించి అన్న మాటలు మనసులో పెట్టుకోవద్దని, ఆవిడ మనసు వెన్న అని, తప్పు యంత్రానిదని, పిల్లల క్లాసు మాత్రం తీసేయొద్దని. రెండు పేజీలు. రిజిస్టర్ పోస్టు చేశాను.

ఇంక నువ్వు నిశ్చింతగా ఉండు.

కుసుమ


భిలాయి
17 ఫిబ్రవరి 2025

కుసుమా,

రజనీకుమారి గారికి తెలియదు. నీ ఉత్తరం అందేదాకా.

అందరూ చదివారని రాసింది పిల్లల గురించి. క్లాసులో పిల్లలు తప్ప ఇంకెవరుంటారు? క్లుప్తంగా రాశాను, నాదీ తప్పుంది. ఈసారి మొత్తం రాస్తున్నాను.

గోడ మీద పడిన మాటలు ఇవి. "వనభోజనాల్లో రజనమ్మ పులిహోర ఏటనుకున్నావు భాగ్యా, ఆ పులుపుకి పళ్లు జివ్వుమని మజ్జిగన్నం కూడా తినలేకపోయాను. ఆ పులుసు ప్లాంటుకి పంపిస్తే తుప్పట్టిన రేకులు తెల్లగైపోతాయి. ఆ పెద్దాయన మీటింగుల్లో మొకం అలాగ పెడతాడేటని అడిగావు గదా. పెళ్లైన కాణ్ణించి ఆ పులిహోర తింటే నీ మొకమైనా అంతే."

తీసేద్దామని చెయ్యి పెట్టాను. ప్రణవ్ లేచి నిలబడ్డాడు. "తాతా, పోయిన షిఫ్టు రాసింది చెరపకూడదు కదా" అన్నాడు. పోయిన షిఫ్టు లేదు, అది మా వంటిల్లు అని చెప్పాను. "మెషీన్‌లో ఉంది కదా. ఉన్నదాన్ని ఉన్నట్టు తీసుకోవాలన్నారు కదా" అన్నాడు. మిగతావాళ్లు అవునన్నారు. నియమం పెట్టింది నేను. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

చదివారు. ఒక్కొక్క అక్షరం కూడబలికే పిల్లలు ఇది గడగడా చదివారు. మళ్లీ చదివారు. తర్వాత నేను చెప్పకుండానే పుస్తకాలు తీశారు. నువ్వు చూడాలని దించుతున్నాను.

ఏ షిఫ్టు: "పులిహోర లారీలో ప్లాంటుకి వెళ్లింది. గేటు దగ్గర గార్డు పాస్ అడిగాడు. పులిహోరకి పాస్ లేదు. గార్డుకి ఆకలిగా ఉంది."

బీ షిఫ్టు: "గార్డు పాస్ అడగడం మానేసి తిన్నాడు. మూత తీసినప్పుడు గాలి తగిలి గేటుకి తుప్పు పోయింది. గార్డు మొహం ప్రెసిడెంట్ తాత మొహం లాగా అయిపోయింది."

జనరల్ షిఫ్టు: "ఇప్పుడు గార్డుని చూసి అందరూ ప్రెసిడెంట్ అనుకుంటున్నారు. నమస్తే పెడుతున్నారు. గార్డు మీటింగ్ పెట్టాడు. ఎవరూ గుర్తుపట్టలేదు."

కండిషన్ నార్మల్ అని ఎవరూ రాయలేదు.

ప్రణవ్ ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. గార్డుకి ఆకలిగా ఉంది అని రాసింది వాడే, అందుకని దాచుకున్నాడు. తర్వాత ఆదివారం ఒక్కరూ ఆలస్యంగా రాలేదు. కథ సాగుతోంది, ఎవరికీ తెలియదు, అంతా సవ్యంగా ఉంది అనుకున్నాను. అప్పుడు నీ రిజిస్టర్ పోస్టు వచ్చింది.

ప్రణవ్ చెప్పినదాన్ని బట్టి రాస్తున్నాను. రజనీకుమారి గారు భర్తకి ఉత్తరం చదివి వినిపించారు. ఏ మాటలని ఆయన అడిగారు. ఎవరికీ తెలియక ప్రణవ్ వైపు చూశారు. వాడు పుస్తకం తెచ్చి చూపించాడు. పార్థసారథి గారు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. చదివి నవ్వారు. ఇంట్లో ఆయన అలా నవ్వగా ప్రణవ్ ఎప్పుడూ చూడలేదట. కుర్చీ పట్టుకుని నవ్వారట.

రజనీకుమారి గారికి మీ అత్త మీద కోపం రాలేదు. ఆయన నవ్వినందుకు వచ్చింది. "ఇన్నేళ్లూ మారు వడ్డించుకుని తిని, ఇప్పుడు నవ్వుతారా?" అని గరిటె కింద పెట్టారు. ఇంకా ఎత్తలేదు. పిల్లవాడికి మాత్రం పాలు, అటుకులు ఇస్తున్నారు.

మీ అత్త అవమానపడి మాట్లాడటం మానలేదు. టాబ్లెట్ ఇంట్లో ఉన్నంతవరకూ నోరు తెరవనంది, అది కూడా భాగ్యరేఖ ఇంటికెళ్లి చెప్పింది. బీరువాలో పెట్టి తాళం వేశాను. తువ్వాలు కప్పాను. నమ్మడం లేదు. ఉప్పు డబ్బా అందుకోమంటే గరిటెతో అటు చూపిస్తుంది. అన్నానికి పిలవడానికి కంచం మోగిస్తుంది.

నిన్న పార్థసారథి గారు హాలు దగ్గర కనిపించారు. ఆయనే దగ్గరికి వచ్చి అన్నారు. "వంటింటి సంగతి వేరు, హాలు సంగతి వేరు. పరీక్ష పరీక్షే." మంచి మనిషి. బాగా చిక్కిపోయారు.

ఇంక ఎవరికీ ఏమీ రాయకు.

గోవిందరావు మావయ్య


విజయనగరం
25 ఫిబ్రవరి 2025

మావయ్యా,

సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఒకరింట్లో పొయ్యి ఆర్పేశాను, ఇంకొకరింట్లో మాట ఆపేశాను. అదీ రిజిస్టర్ పోస్టులో.

ఇంక ప్రయోగాలొద్దు. పరీక్షలో ఆయన ఏం అంశం ఇస్తారో ఊహించడం కష్టం కాదు, పండుగ ముందు కాబట్టి "ఉగాది పండుగ" అనే ఇస్తారు. వెనకాల కాగితం మీద ఒక వ్యాసం రాశాను. పచ్చడి, ఆరు రుచులు, పంచాంగం, అన్నీ ఉన్నాయి. పేజీకి సరిపోతుంది. పిల్లల చేత బట్టీ పట్టించు. నేను ఇలా చెప్పడమేమిటని అనుకుంటావు. నీకు ఆ గంట ముఖ్యం. నాకు నువ్వు ముఖ్యం.

కుసుమ


భిలాయి
25 మార్చి 2025

కుసుమా,

ఆదివారం పరీక్ష అయింది. వరసగా రాస్తాను.

నీ వ్యాసం పిల్లలకి చెప్పాను. రెండు ఆదివారాలు ప్రయత్నించాను. మామిడికాయ దగ్గర ఆగి, "తర్వాత ఏం చెడిపోతుంది?" అని అడిగారు. ఏదీ చెడిపోదన్నాను. వాళ్లకి గుర్తుండలేదు. పరీక్షకి వట్టి చేతులతోనే వెళ్లారు.

పార్థసారథి గారు వేళకి వచ్చారు. టాబ్లెట్ బల్ల మీంచి తీయించారు. గోడ మీది బొమ్మలు తీయించారు. ఒక్కొక్కరికీ తెల్లకాగితం ఇచ్చి బోర్డు మీద రాశారు, నువ్వన్న అంశమే. అరగంట అన్నారు.

ఎవరూ రాయలేదు. పేరు రాశారు, తారీకు రాశారు. పెన్సిళ్లు పట్టుకుని కూర్చున్నారు. క్యాంప్ 2 నుంచి వచ్చే ఇంద్రాణి ఎప్పుడూ అందరికంటే ముందు రాసే పిల్ల, ఆమె కూడా కాగితం అంచు మడుస్తోంది. ఆయన బల్లల మధ్య అటూ ఇటూ తిరిగారు. గడియారం చూశారు. నా దగ్గరికి వచ్చి మెల్లగా, "గోవిందరావ్, నేనేం చేయగలను చెప్పు" అన్నారు. జేబులోంచి హాలు తాళం తీశారు.

అప్పుడు ప్రణవ్ చెయ్యెత్తాడు. "తాతా, పోయిన షిఫ్టు ఏం రాసింది?" అన్నాడు. నన్ను కాదు, ఆయన్ని అడిగాడు.

నాకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ వాళ్లకి ఖాళీ కాగితం నేను ఎప్పుడూ ఇవ్వలేదు. అప్పగించిన దాని మీద రాయడం నేర్పాను, మొదలుపెట్టడం నేర్పలేదు. ఈ మాట ఆయనతో చెప్పాలి. చెప్పడం నాకు చేతకాదని నీకు తెలుసు. అయినా లేచాను. "సార్, మొదటి వాక్యం ఎవరైనా రాసి అప్పగించాలి. అక్కణ్ణించి వాళ్లు తీసుకుంటారు" అన్నాను.

"నువ్వు రాయి" అన్నారు.

"నేను రాస్తే నేను నేర్పిందే అవుతుంది సార్. మీరు రాయండి."

ఆయన సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గర నిలబడ్డారు. ఉద్యోగం అంతా ఇంగ్లీషులో రాసిన మనిషి. పిల్లలు చూస్తున్నారు. చివరికి రాశారు. "మా ఇంట్లో పొయ్యి ఆగింది."

ఫర్నేసులో పనిచేసిన మనిషి రాసిన మాట అది. పొయ్యి ఆగడమంటే మాకు చిన్న సంగతి కాదు. రాశాక ఆయనకే ఎలాగో అనిపించినట్టుంది, డస్టర్ అందుకున్నారు. హాలంతా ఒక్కసారి, "చెరపకూడదు తాతా" అంది. ఆయన డస్టర్ కింద పెట్టేశారు.

తర్వాత పెన్సిళ్ల చప్పుడే. అరగంట అయినా ఎవరూ లేవలేదు. ఆయన ఇంకో అరగంట ఇచ్చారు, అడగకుండానే. కొందరు వెనక పేజీ కూడా రాశారు. తప్పులున్నాయి, చాలా ఉన్నాయి. హిందీ మాటలున్నాయి. కానీ ఎవరిది వాళ్లదే, ఒకరిది ఒకరు చూడలేదు. ఆయన అన్నీ అక్కడే కూర్చుని చదివారు. ఒక పిల్లాడు పొయ్యి ఆగిందని ప్లాంటు నుంచి ఇంజనీర్లని పిలిపించాడు, వాళ్లు వచ్చి వంట రాక వెళ్లిపోయారు. ప్రణవ్ ఇలా రాశాడు. "తాత బ్రెడ్ తెచ్చారు. బ్రెడ్ కాల్చడానికి కూడా పొయ్యి కావాలి. తాత నాన్నమ్మ వైపు చూశారు. నాన్నమ్మ కిటికీ వైపు చూసింది. నాకు మాత్రం అటుకులు."

ఇంద్రాణి కాగితం దగ్గర ఆయన ఆగారు. అందులో ఇలా ఉంది. "పొయ్యి బాగు చేయడం ఈజీ. వెళ్లి సారీ చెప్పాలి. సారీ చెప్పేటప్పుడు నవ్వకూడదు. పులిహోర బాగుందని చెప్పకూడదు, అది అబద్ధం అని తెలిసిపోతుంది. ఇంకొంచెం వెయ్యి అని అడగాలి."

ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. మొహం ఎప్పటిలాగే ఉంది. "ఇది నేను తీసుకెళ్లొచ్చా?" అని ఆ పిల్లని అడిగారు. ఆమె తలూపింది. మడిచి జేబులో పెట్టుకుని, హాలు తాళం నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. గంట ఉంటుందో ఉండదో నోటితో చెప్పలేదు.

సాయంత్రం ప్రణవ్ మా ఇంటికి వచ్చాడు. చేతిలో స్టీలు డబ్బా ఉంది. మీ అత్త తలుపు తీసింది. వాడు నాతో, "వచ్చే ఆదివారం ఉగాది కదా, క్లాసు ఉంటుందని తాత చెప్పమన్నారు. మొదటి వాక్యం నాన్నమ్మ వచ్చి రాస్తుందట" అన్నాడు. డబ్బా మీ అత్తకిచ్చి, "ఇది మీకు పంపింది" అని పరుగెత్తాడు.

మూత తీస్తే పులిహోర. మీ అత్త గుమ్మంలోనే నిలబడి ఒక ముద్ద తింది. కళ్లు మూసుకుంది, తెరిచింది. ఇంకో ముద్ద తింది. జనవరి నుంచి మా ఇంట్లో వినపడని గొంతు వినపడింది. "మొదటి ముక్క రజనమ్మ రాస్తే, రెండో ముక్క నాను రాస్తాను."

సరే, టాబ్లెట్ తీస్తాను, నువ్వు చెప్పు, అది రాస్తుంది అన్నాను.

"దాని మొకం. ఆవిడ సేత్తో రాస్తే నాను మిషన్‌తోటి రాయిస్తానేటి? సేత్తోనే రాస్తాను."

మీ అత్తకి సంతకం తప్ప రాదని నీకు తెలుసు. ఆమే అంది, "ఊరి పిల్లలందరికీ సెప్తన్నావు. ఆదివారం లోపల నాకు సెప్పు."

పలక తెచ్చాను. అ ఆ లతో మొదలుపెట్టబోయాను. వాటితో తనకి పనిలేదంది. ముందు పులుపు ఎలాగ రాస్తారో చూపించమంది. చూపించాను. మూడు రోజులుగా అదే రాస్తోంది. ఈ ఉత్తరం రాస్తుంటే పక్కనే కూర్చుని ఉంది. పు బాగానే వస్తోంది.

గోవిందరావు మావయ్య